అప్‌డేట్: అమ్మ మోకాలికి లేజర్ ఆక్యుపంక్చర్

సూదులంటే భయపడే మా అమ్మకు మోకాలి నొప్పికి లేజర్ ఆక్యుపంక్చర్ (సూదులకు బదులు ఆక్యుపంక్చర్ బిందువుల మీద లేజర్ కాంతి వేసే పద్ధతి) చేయించవచ్చా అని అప్పట్లో అడిగాను. రక్తాన్ని పలచన చేసే మాత్రలు వాడుతోంది కాబట్టి సూది గుచ్చిన చోట కమిలిపోతుందేమోనని నా బెంగ. ఓపికగా జవాబు చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

ఆరుసార్లు వెళ్లాం. పెన్ను లాంటి పరికరం కొనను చర్మానికి ఆనించి, ఒక్కో బిందువు దగ్గర అర నిమిషం ఉంచారు. మోకాలిచిప్ప కింద గుంటలో మొదలుపెట్టారు. 808 నానోమీటర్ల పరారుణ కాంతి కాబట్టి కంటికి ఏమీ కనబడలేదు, అమ్మకు వేడి కూడా తెలియలేదు. "ఇంకా మొదలుపెట్టలేదా?" అని రెండుసార్లు అడిగింది. కనబడకపోయినా ఆ కాంతి రెటీనాను దెబ్బతీయగలదు కనుక గదిలో అందరికీ రక్షణ కళ్లద్దాలు ఇచ్చారు. అవి లేకుండా చేస్తామంటే దయచేసి ఒప్పుకోకండి.

మెట్లు దిగేటప్పుడు నొప్పి కొంత తగ్గిందంటోంది. అయితే అదే సమయంలో తొడ కండరాల వ్యాయామాలు కూడా మొదలుపెట్టింది, కాబట్టి ఘనతంతా లేజర్‌దే అనలేను. పరిశోధనల ఫలితాలు కూడా ఒక్క మాట మీద లేవు. మాత్రలు డాక్టరు చెప్పినట్టే వేసుకుంటోంది. ఇంకో నాలుగుసార్లు చేయించి ఆపేస్తాం. వ్యాయామాలు మాత్రం ఆపం.