మా బీడులో గడ్డి రకాలు ఏటా ఎలా లెక్కపెట్టాలి?

నమస్కారమండీ. మాది రోళ్లపాడు దగ్గర పల్లె, 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేసిన చోటు. మాకు ఆరెకరాల బీడుంది. నాయన గొర్రెలు తోలే రోజుల్లో చెంగలి గడ్డి మోకాలెత్తు ఉండేదంట. ఇప్పుడు సగం సర్కారు తుమ్మ, మిగతాది వయ్యారిభామ. పోయినేడు తుమ్మ నరికిస్తే ఒక్కో మోడుకి ఏడెనిమిది పిలకలు లేచాయి, కూలి డబ్బులు దండగ. వేరుతో సహా పీకించాలంటారా?

ఇంకోటి. 1 మీటరు చదరపు చట్రం పెట్టి ఏటా లోపలి మొక్కలు రాసుకుందామని ఉంది. ఆరెకరాలకి ఎన్ని చోట్ల పెట్టాలి? వానలయ్యాక ఒకసారి చాలా? సగానికి కంచె వేసి, సగంలో గొర్రెల్ని వదిలి పోల్చొచ్చా? వెన్ను రాని గడ్డిని ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పండి, నాకన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.