పాత 800కి రేడియేటర్ ఫ్యాన్ స్విచ్చి విడిగా పెట్టుకోవడం ఎలా?

గుంటూరు_98మోడల్
అందరికీ నమస్కారం. నాది 98 మోడల్ మారుతీ 800, కార్బురేటర్ బండి, ఏసీ లేదు. నాన్నగారు కొన్నది. రోడ్డు మీద పోతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు సగం దాటదు. ట్రాఫిక్‌లో ఆగిందా, ఎర్రగీత వైపు ఎక్కుతుంది. అప్పటిగ్గానీ ఫ్యాన్ తిరగదు. ఒక్కోసారి అప్పటికీ తిరగదు. వచ్చే నెల అమ్మని శ్రీశైలం తీసుకెళ్లాలి. అందుకే డాష్‌బోర్డులో స్విచ్చి పెట్టుకుని నేనే ఫ్యాన్ వేసుకుందామనుకుంటున్నా.
1. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే డబ్బా) తప్పదా?
2. లైవ్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలి?
3. ఫ్యాన్ ఆన్‌లో ఉందని తెలియడానికి చిన్న లైటు ఎలా కలపాలి?
4. పాత ఆటోమేటిక్ కూడా పనిచేయాలి.

బెజవాడ_బండోడు
రిలే లేకుండా పెట్టుకున్న మహానుభావుణ్ణి నేనే. ఇంట్లో లైటుకి వాడే స్విచ్చి, సన్న వైరు, ఫ్యూజు లేదు. పెట్టినోడు మా వీధి చివర స్కూటర్లు చేసే కుర్రాడు. రెండు వందలే కదా అని మురిసిపోయాను. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర ఆగా, స్విచ్చి వేశా. ఏదో కమురు వాసన. ముందు లారీ క్లచ్ కాలుతుందేమో అనుకుని వాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నా. కిందకి చూస్తే నా మోకాలి దగ్గరే పొగ. వైరు మీద తొడుగు కరిగి కార్పెట్‌కి అతుక్కుంది. బ్యాటరీ లగ్గు చేత్తో పీకేశా, వేలు కాలింది, మచ్చ ఇప్పటికీ ఉంది. రిలే తప్పదా అని అడక్కు నాయనా.

నల్లగొండ_800
అన్నా, గీ స్విచ్చి గిచ్చి అన్నీ ఎందుకు. థర్మోస్టాట్ వాల్వు, గదే ఇంజిన్ వేడెక్కేదాంక నీళ్లు రేడియేటర్‌కి పోకుండ ఆపేది, పీకి అవతల పారెయ్. నేను 2011ల పీకిన. గిప్పటిదాంక ఒక్కసారి హీట్ కాలే. మా దిక్కు ఎండ ఎట్లుంటదో తెలుసు కదా. ఏ మెకానిక్‌ని అడిగినా గదే చెప్తడు.

డిపో_బాబాయి
ఏ మెకానిక్‌ని అడిగినా కాదు, ఏ చేతకాని మెకానిక్‌ని అడిగినా అను. 31 ఏళ్లు డిపోలో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో చేశాను. నా చేతి మీదుగా పోయిన బస్సులకి లెక్క లేదు. వాల్వు పీకితే నీళ్లు రేడియేటర్‌లో నిలవకుండా జోరుగా పరిగెడతాయి, చల్లారడానికి టైము ఉండదు. అందుకే ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. ఇంతోటి సంగతి తెలియకుండా సలహాలు.

నల్లగొండ_800
ఇంకా వేడెక్కితే మరి నాది ఎందుకు ఎక్కలే బాబాయ్? పదేండ్లు దాటింది.

డిపో_బాబాయి
నీ అదృష్టం.

వైరింగ్_టీచరమ్మ
బాబాయిగారూ, మీ అనుభవానికి దండం. కానీ నీళ్లు జోరుగా పోతే చల్లారవనేది తప్పండి. పాలిటెక్నిక్‌లో పిల్లలకి ఇదే పాఠం చెప్తుంటాను. ప్రవాహం పెరిగితే రేడియేటర్ వదిలే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు. ఒకే నీళ్లు చుట్టూ తిరుగుతుంటాయి కదా, ఒక్కో చుట్టులో తక్కువ చల్లారినా ఎక్కువ చుట్లు తిరుగుతాయి. వాల్వు పీకితే అసలు నష్టం వేరు. ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, 80 డిగ్రీల చుట్టుపక్కలకి రావడానికే చాలాసేపు పడుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ బురదవుతుంది. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వే బైపాస్ దారిని కూడా మూస్తుంది. అలాంటివాటిలో పీకితే మాత్రం వేడి నీళ్లు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన తిరుగుతాయి. అయినా నల్లగొండ తమ్ముడూ, ప్రశ్న అడిగినాయన బండి ఆగినప్పుడే వేడెక్కుతోంది. అది గాలి ఆడక వచ్చిన బాధ. వాల్వు పీకినా పీకకపోయినా గాలి ఆడదు.

డిపో_బాబాయి
పుస్తకం వేరు, షెడ్డు వేరు అమ్మా. మీ పిల్లల్ని ఒక్కరోజు బస్సు కింద పడుకోమనండి, తెలుస్తుంది.

వైరింగ్_టీచరమ్మ
మా పిల్లలు పడుకుంటూనే ఉన్నారండి. అందులో ఆడపిల్లలు కూడా.

అంబాసిడర్_రాజుగారు_భీమవరం
మా అంబాసిడర్‌కి ఈ గొడవే లేదండి ఆయ్. ఫ్యాను బెల్టు మీదే. ఇంజిన్ తిరిగితే ఫ్యాను తిరుగుద్ది, ఆగితే ఆగుద్ది. స్విచ్చీ లేదు, రిలే లేదు. ప్రీమియర్ పద్మినీ కారుకీ అంతేనండి.

బెజవాడ_బండోడు
రాజుగారూ, అందుకే ట్రాఫిక్‌లో ఐడిలింగ్‌లో ఆ ఫ్యాను కూడా నీరసంగా తిరుగుద్ది. మా మావయ్య అంబాసిడర్‌లో ఎప్పుడూ బిందెడు నీళ్లు ఉండేవి. మర్చిపోయారా?

అంబాసిడర్_రాజుగారు_భీమవరం
బిందె ఉంటే తప్పేంటండి. దారిలో తాగడానికీ పనికొస్తాయి.

కర్నూలు_కుర్రోడు
ఏమప్పా, ఇంజిన్ లోపలికి బోరు నీళ్లు పోసేవాళ్లందరూ ఈడే ఉన్నట్టున్నారే. ముందు ఆ రేడియేటర్ మూత తీసి చూడప్పా, చల్లగున్నప్పుడు. లోపల తెల్లగా సున్నం పట్టింటే ఫ్యాన్ ఏం జేస్తాది? నాది అట్లే ఐంది. కూలెంట్ పోయకుండా నాలుగేళ్లు ట్యాంకు నీళ్లతో నడిపినా. రేడియేటర్ విప్పి చూస్తే సగం గొట్టాలు మూసుకపోయినాయి. మూత రబ్బరు కూడా చూడు. మూత ఒత్తిడి పట్టకుంటే నీళ్లు ముందే మరిగిపోతాయి.

డల్లస్_బావ
ఇక్కడ నా దగ్గర పాత హోండా సివిక్ ఉంది. ఫ్యాన్ పోయిన రోజు ఇంటికి ఎలా వచ్చానో చెప్తా. హీటర్ ఫుల్లుగా పెట్టి, కిటికీలన్నీ దించేశాను. హీటర్ లోపల ఉండేది కూడా ఒక చిన్న రేడియేటరే. ముల్లు కిందకి దిగింది. జూలైలో టెక్సస్ ఎండ, పైన హీటర్. ఇంటికొచ్చి చూసుకుంటే బట్టలు పిండితే అరబకెట్ చెమట.

నల్లగొండ_800
బావా, మా తాన ఎండాకాలంల హీటర్ పెట్టుమంటున్నవా? బండిల ఉన్నోళ్లు ఏమైపోవాలె?

డల్లస్_బావ
ఇంజిన్ బతకాలా, నువ్వు బతకాలా? పాత 800లో హెడ్, అంటే ఇంజిన్ పై భాగం, అల్యూమినియం. ఒక్కసారి బాగా ఉడికిందా, వంకర పోతుంది, గాస్కెట్ పోతుంది. ఆ బిల్లు చూశాక చెప్పు.

గుంటూరు_98మోడల్
అన్నలూ, నా బండి గురించి కూడా కాస్త చెప్పండి.

వైరింగ్_టీచరమ్మ
చెప్తానండి. ముందు థర్మో స్విచ్చి, అంటే నీళ్లు వేడెక్కితే ఫ్యాన్‌ని దానంతటదే వేసేది, బాగుందో లేదో తేల్చుకోండి. కీ ఆన్ చేసి దాని మీది వైరు పీకండి. ఒక్క వైరే ఉంటే దాన్ని బాడీకి తాకించండి. రెండుంటే ఆ రెంటినీ కలపండి. ఫ్యాన్ తిరిగితే మోటారూ వైరింగూ బాగున్నట్టే, పోయింది థర్మో స్విచ్చే. కొత్తది వేస్తే మీకు ఇంకే స్విచ్చీ అక్కర్లేకపోవచ్చు. తిరక్కపోతే ఫ్యూజు, ఎర్త్, మోటారు బ్రష్‌లు చూడాలి. వేళ్లు ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి.

డిపో_బాబాయి
ఇది మాత్రం సరిగ్గా చెప్పింది. ఇప్పుడు రాసుకో అబ్బాయ్. నాలుగు కాళ్ల రిలే కొను, కాళ్ల మీద నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు. 87 నుంచి ఫ్యాన్‌కి. ఫ్యాన్ రెండో వైరు బాడీకి, రంగు గీకి, శుభ్రంగా బోల్టు కింద. ఇక కాయిల్, అంటే రిలేని లాగే తీగచుట్ట. 86కి లైవ్. 85 నుంచి రెండు వైర్లు తియ్యి. ఒకటి థర్మో స్విచ్చికి, రెండోది డాష్‌బోర్డులో నీ స్విచ్చి మీదుగా ఎర్త్‌కి. ఏది కలిసినా రిలే టక్కుమంటుంది. నీ నాలుగో ప్రశ్న కూడా తీరిపోయింది. లోపలికి వచ్చే వైరులో పారేది ఆవగింజంత కరెంటు, బెజవాడాయనలా మోకాళ్లు కాల్చుకోనక్కర్లేదు. ఐదు కాళ్ల రిలే అంటగడితే మధ్యలో 87ఏ కాలు వదిలెయ్. 86కి కూడా బ్యాటరీ నుంచే ఇవ్వు. బండి ఆపినాక కూడా కాసేపు తిరగాలి, లోపల వేడంతా పోవాలి.

వైరింగ్_టీచరమ్మ
అంతా బాగుంది, ఆ చివరిది తప్ప. 86కి కీ వేస్తే వచ్చే లైవే ఇవ్వండి. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, రేడియేటర్‌లో ఉన్న నీళ్లు తప్ప ఏవీ చల్లారవు. మర్చిపోతే మాత్రం 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, ఫ్యాన్ లాగేది 7, 8 ఆంపియర్లు. లెక్క మీరే వేసుకోండి.

డిపో_బాబాయి
మర్చిపోయేవాడు బండే నడపకూడదు.

కోఠి_కాంపొనెంట్
రిలే కాయిల్ మీద డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) వేయండి భయ్యా, స్విచ్ పాయింట్లు కాలవు. గీతున్న కొస 86 వైపు. గుజరాతీ గల్లీలో రెండు మూడు రూపాయలకి ఇస్తారు.

బెజవాడ_బండోడు
ఇంకో మాట. వైర్లు కలిపాక ఫ్యాన్ ఎటు ఊదుతుందో చూడు. కాలిన వైరింగ్ మార్చినప్పుడు మా వాడు రెండు వైర్లూ తారుమారు చేశాడు. ఫ్యాన్ చక్కగా తిరుగుతోంది, చెవులకి ఇంపుగా ఉంది, బండి మాత్రం ఉడుకుతూనే ఉంది. వారం రోజులు బుర్ర గోక్కున్నాం. ఆఖరికి మా అబ్బాయి, ఆరో తరగతి, గ్రిల్ ముందు న్యూస్ పేపర్ పెడితే అది ఎగిరి అవతల పడింది. గాలి ముందుకి ఊదుతోంది! పేపర్ గ్రిల్‌కి అతుక్కుంటేనే సరైన దిశ.

నల్లగొండ_800
బండోడన్నా, నీ బండిల కానిదేమన్న ఉందా?

కర్నూలు_కుర్రోడు
అది సరేగానీ 98 మోడల్‌కి ఆర్సీ రెన్యువల్ ఐందా? పదహైదేళ్లు దాటినాక ఐదేళ్లకొకసారి చేయించల్ల గదా. నాది ఈ సంవత్సరం ఉంది. గ్రీన్ ట్యాక్స్ ఎంత కట్టినారు ఎవురన్నా?

అంబాసిడర్_రాజుగారు_భీమవరం
అది అడక్కండి. మాది ఈ మధ్యే మూడోసారి చేయించాం. తిప్పిన తిప్పుడికి అయిన పెట్రోలుతో శ్రీశైలం రెండుసార్లు వెళ్లి రావచ్చండి.

గుంటూరు_98మోడల్
వెళ్లొచ్చామండి. మొత్తం చెప్తాను, తిట్టకండి.
థర్మో స్విచ్చికి ఒక్కటే వైరు. బాడీకి తాకిస్తే ఫ్యాన్ తిరిగింది. స్విచ్చి పోయిందన్నమాట. ఊళ్లో వెంటనే దొరకలేదు, ఆర్డర్ ఇచ్చి, ఈలోగా బాబాయిగారు చెప్పినట్టే రిలే పెట్టాను. 86కి బ్యాటరీ నుంచే ఇచ్చాను. పేపర్ కూడా పెట్టి చూశాను, అతుక్కుంది. దోర్నాల దాటాక ఘాట్ అంతా స్విచ్చి వేసే ఎక్కాం. ముల్లు సగం దగ్గరే కదలకుండా కూర్చుంది. అమ్మ కూడా మెచ్చుకుంది. శిఖరం దగ్గర ఆగి టీ తాగాం.
పైన పార్కింగ్‌లో బండి పెట్టి, కీ తీసుకుని దర్శనానికి పోయాం. స్విచ్చి తీయడం మర్చిపోయాను. ఆ జనంలో, ఆ హారన్లలో ఫ్యాన్ మోత ఎవరికి వినపడుతుంది. ఆరు గంటల తర్వాత వచ్చి చూస్తే డోరు లైటు కూడా వెలగలేదు. పక్కన టాక్సీ ఆయన దగ్గర జంపర్ కేబుల్ ఉండబట్టి బయటపడ్డాం. ఆయనకి 200 ఇచ్చాను.
లైటు ఎలా కలపాలని మొదటి పోస్టులో మూడో ప్రశ్న అడిగాను. ఇంతమందిలో ఒక్కరూ చదవలేదు.

వైరింగ్_టీచరమ్మ
అయ్యో, నిజమేనండి. రిలే 87 నుంచి సన్న వైరు, దానికో చిన్న ఫ్యూజు, డాష్‌బోర్డులో 12 వోల్టుల ఇండికేటర్ దీపం, రెండో కొస ఎర్త్. థర్మో వేసినా మీరు వేసినా వెలుగుతుంది. 86 మాత్రం మార్చండి.

డిపో_బాబాయి
మర్చిపోయేవాడు బండి నడపకూడదని ముందే చెప్పాను.

నల్లగొండ_800
వాల్వు పీకుంటే గీ కథే ఉండకపోవు.

వైరింగ్_టీచరమ్మ
మళ్లీ మొదలు.

అంబాసిడర్_రాజుగారు_భీమవరం
ఆ టాక్సీ ఆయనది ఏం బండండి?