డిస్నీ వరల్డ్‌లో పాయింట్లు అద్దెకు తీసుకుని ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

వచ్చే మార్చిలో నలుగురం ఓర్లాండో వెళ్దామనుకుంటున్నాం. అక్కడి డిస్నీ రిసార్ట్ యానిమల్ కింగ్‌డమ్ విల్లాస్‌లో కిదాని విలేజ్ మీద కన్ను పడింది. బాల్కనీలోంచే జిరాఫీలు కనిపిస్తాయట, మా చిన్నది రోజూ అవే ఫొటోలు చూపిస్తోంది. డిస్నీ సైట్‌లో రేటు చూసి ఫోన్ పక్కన పెట్టేశాను. డిస్నీ వెకేషన్ క్లబ్ మెంబర్లకి ఏటా కొన్ని పాయింట్లు వస్తాయట, వాటితోనే డిస్నీ రిసార్టుల్లో గదులు బుక్ చేసుకుంటారట. ఆ పాయింట్లు వాళ్లు అద్దెకిస్తారని ఆ తర్వాతే తెలిసింది. ఒకాయన 6 రాత్రులకి 140 పాయింట్లు, పాయింటుకి 20 డాలర్లు అన్నారు. అంటే 2,800. మొత్తం ఇప్పుడే పంపమంటున్నారు. ముక్కూమొహం తెలియని మనిషికి అంత పంపాలంటే చెయ్యి రావట్లేదు.

జవాబు 1:
నేను మూడుసార్లు ఇలాగే ఉన్నానండీ, రెండోసారి దెబ్బతిన్నాను. కన్ఫర్మేషన్ నంబరు మా పేరు మీదే వచ్చింది, యాప్‌లో కూడా కనిపించింది. ఓ రోజు పొద్దున చూస్తే లేదు! ఓనరు, అంటే ఆ పాయింట్లున్న మెంబరు, ఇంకెవరిదో అనుకుని మాది క్యాన్సిల్ చేశారట. డిస్నీకి ఫోన్ చేస్తే, "మెంబరే మాట్లాడాలి" అన్నారు. పేరు మనదైనా బుకింగ్ మీద హక్కు ఆయనదే. అందుకే కాగితం మీద ఒప్పందం రాయించుకోండి, డబ్బు విడతలుగా ఇవ్వండి.

ముందు మీకు పాయింట్లు ఇస్తానన్నాయన హోమ్ రిసార్ట్, అంటే ఆయన పాయింట్లు కొన్న రిసార్ట్, ఏదో అడగండి. మీరు ఉండబోయే రిసార్టే అయితే 11 నెలల ముందు నుంచి బుక్ చేయొచ్చు, వేరేదైతే 7 నెలల ముందు నుంచి మాత్రమే. ఏప్రిల్ నుంచే అక్కడి ఓనర్లు మార్చి గదులు పట్టేస్తుంటారు. జంతువులు కనిపించాలంటే సవానా వ్యూ (జంతువులు తిరిగే గడ్డిమైదానం వైపు గది) అని స్పష్టంగా రాయించుకోండి, లేకపోతే పార్కింగ్ వైపు గది వచ్చినా నోరెత్తలేరు.

రీఫండ్ మీద ఆశ పెట్టుకోకండి. చెక్-ఇన్‌కి 30 రోజుల్లోపు క్యాన్సిల్ చేస్తే ఓనరు పాయింట్లు హోల్డింగ్‌లో పడతాయి, అంటే ఆ తర్వాత చెక్-ఇన్‌కి 60 రోజుల్లోపు చేసే బుకింగులకే పనికొస్తాయి. ఓనర్ల బాధా అర్థమవుతుంది లెండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

జవాబు 2:
రోజూ గది సర్దరు. 8 రాత్రుల లోపైతే నాలుగో రోజు తువ్వాళ్లు మార్చి చెత్త తీసుకెళ్తారు, అంతే. స్టూడియోలో (ఒకే గది ఉండే విల్లా) మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి, స్టవ్ ఉండదు. స్టవ్, వాషింగ్ మెషీన్ కావాలంటే వన్ బెడ్‌రూమ్ చూడాలి. కారుకి పార్కింగ్ ఫ్రీ.

జవాబు 3:
అంత టెన్షన్ ఎందుకు, పాయింటుకి నాలుగు డాలర్లు ఎక్కువైనా బ్రోకర్ దగ్గర తీసుకోండి. కొందరు ఓనరుకి ఇవ్వాల్సిన డబ్బులో కొంత మనం చెక్-ఇన్ అయ్యేదాకా ఆపుతారు.

అడిగినవారు:
ఆయన్ని అడిగాను. హోమ్ రిసార్ట్ సరటోగా స్ప్రింగ్స్ అట, అది వేరే డిస్నీ రిసార్ట్! "అయితే ఆగస్టు దాకా మీరు ఆ గది బుక్ చేయలేరు కదండీ, జూన్‌లో నా డబ్బెందుకు?" అన్నాను. మెసేజ్ చూశారు. నిన్నటి నుంచి ఉలుకూ పలుకూ లేదు.