స్కాట్లాండ్ లింక్స్ గోల్ఫ్ ట్రిప్: ఓల్డ్ కోర్స్ గ్యారంటీ కోసం అంత డబ్బు పెట్టాలా, చిన్న ఊళ్లలో ఆడుకోవాలా?

గోల్కొండ_గాలి

అందరికీ నమస్కారం. వచ్చే జూన్ మధ్యలో ఏడు రోజులకి, సముద్రపు ఒడ్డున ఉండే లింక్స్ కోర్సుల్లో గోల్ఫ్ ఆడటానికి స్కాట్లాండ్ వెళ్తున్నాం. నలుగురం. నేను, ఇద్దరు ఫ్రెండ్స్, మా నాన్న. నాన్నకి 67 ఏళ్లు. గోల్కొండ నయా ఖిల్లా పక్కన ఉన్న కోర్సులో వారానికి మూడు రోజులు ఆడతారు, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 22.

మా ఫ్రెండ్స్ రాసిన లిస్ట్ ఇదీ: సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్, కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్, రాయల్ ట్రూన్, రాయల్ డోర్నోక్. ఓల్డ్ కోర్స్ టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) గ్యారంటీ అని ఒక ఏజెన్సీ ప్యాకేజీ పంపింది. హోటల్‌తో కలిపి ఆ ఒక్క రౌండ్‌కి అడుగుతున్న డబ్బుతో మిగతా ఆట మొత్తం అయిపోతుంది. ఫ్రెండ్సేమో అంత దూరం వెళ్లి అది ఆడకపోతే ఎలా అంటున్నారు. నాకు మనసు ఒప్పట్లేదు. ఆడినవాళ్లు చెప్పండి.

లీత్_లక్ష్మి

ఎడిన్‌బరోలో 11 ఏళ్లుగా ఉంటున్నాను, గోల్ఫ్ కూడా ఇక్కడే నేర్చుకున్నాను. డబ్బు సంగతి తర్వాత, ముందు మీ లిస్ట్‌ని మ్యాప్ మీద పెట్టి చూడండి. ట్రూన్ పడమటి తీరం. డోర్నోక్ ఇన్వర్‌నెస్ దాటి ఇంకో గంట ఉత్తరానికి. ఆ రెంటి మధ్యే కారులో అయిదు గంటలు పైన పడుతుంది. మిగతా మూడూ తూర్పున. ఏడు రోజుల్లో ఇవన్నీ ఆడాలంటే సగం ట్రిప్ స్టీరింగ్ ముందే గడుస్తుంది. నాన్నగారికి అది శిక్ష.

నా మాట వినండి. ఒక్క తీరం పట్టుకోండి. సెయింట్ ఆండ్రూస్ ఉన్న ఫైఫ్ ప్రాంతం చాలు. క్రెయిల్‌లోనో సెయింట్ ఆండ్రూస్‌లోనో ఒకే ఇల్లు అద్దెకి తీసుకోండి. క్రెయిల్, ఎలీ, లండిన్ ఆడండి. సెయింట్ ఆండ్రూస్‌లోనే న్యూ కోర్స్ ఆడండి. పేరుకే న్యూ, దాన్ని ఓల్డ్ టామ్ మోరిస్ అనే పాతకాలపు గోల్ఫర్ 1895లో వేశారు. ఓల్డ్ కోర్స్‌కి మాత్రం రోజూ బ్యాలట్‌లో, అంటే టీ టైమ్‌ల లాటరీలో, పేరు వేయండి. ఆడే రోజుకి 48 గంటల ముందు డ్రా తీస్తారు, కనీసం ఇద్దరు ఉండాలి, హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ అందరి దగ్గరా ఉండాలి. వస్తే మహద్భాగ్యం. రాకపోతే ఆ రోజుకి వేరే టీ టైమ్ చేతిలో ఉంటుంది.

ఇంకో మాట, చాలామంది ఒప్పుకోరు. ఏడు కోర్సులు ఒక్కోసారి ఆడే బదులు నాలుగు కోర్సులు తీసుకుని, వాటిలో రెండింటిని రెండేసి సార్లు ఆడండి. లింక్స్ కోర్సుని నిజంగా గీసేది గాలి. క్రెయిల్‌లోని బాల్కమీ కోర్సులో అయిదో హోల్ సముద్రపు ఒడ్డు వెంట వంపు తిరుగుతుంది. టీ షాట్ బీచ్ మీదుగా కొట్టాలి. మొదటి రోజు గాలి వెనక నుంచి ఉంది. డ్రైవర్ అనే దూరం కొట్టే కర్రతో కొట్టి, ఎనిమిదో ఐరన్‌తో గ్రీన్ (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి) మీదికి వెళ్లాను. మూడో రోజు అదే గాలి ఎదురొచ్చింది. డ్రైవర్, ఆ తర్వాత ఇంకో దూరపు కర్ర త్రీ వుడ్, అయినా ఇంకో 40 గజాలు మిగిలింది. కింద రాళ్ల మీద అలలు కొడుతున్నాయి, చెంపల మీద ఉప్పు తడి తెలుస్తోంది. ఆ రోజు అర్థమైంది, నేను మొదటి రోజు ఆడింది వేరే కోర్సని.

ప్లేనో_రాజు

లక్ష్మి గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఒప్పుకోలేను. తిరుపతి దాకా వెళ్లి, క్యూ పెద్దగా ఉందని కింద గోవిందరాజస్వామి గుడి చూసుకుని వచ్చేస్తామా? 18 హోల్స్ అనే లెక్క పుట్టిందే ఓల్డ్ కోర్స్‌లో. 1764లో 22 హోల్స్‌ని 18 చేశారు, తర్వాత ప్రపంచమంతా అదే పాటించింది. మా నాన్నగారు బతికుండగా ఆయన్ని తీసుకెళ్లలేకపోయాను. 2022లో ఒక్కడినే వెళ్లి ఆడాను. పద్దెనిమిదో హోల్లో స్విల్కన్ వంతెన మీద కాలు పెట్టినప్పుడు కళ్లు తిరిగినంత పనైంది. అంత చిన్న వంతెన! 700 ఏళ్లుగా ఉందంటారు.

గోల్కొండ_గాలి గారూ, 67 ఏళ్ల నాన్నగారు మళ్లీ వస్తారన్న నమ్మకం ఉంటే బ్యాలట్ మీద వదిలేయండి. లేకపోతే డబ్బు పెట్టండి. ఇలాంటిదానికి కాకపోతే డబ్బు ఇంకెందుకు?

గోల్కొండ_గాలి

రాజు గారూ, మీ చివరి మాట మనసులో గుచ్చుకుంది. నిజంగా ఆలోచిస్తున్నాను.

కైలాసగిరి

వైజాగ్ నుంచి. మాది సముద్రం పక్క కోర్సే, గాలి మాకు కొత్త కాదు అనుకుని 2018లో వెళ్లాను. అక్కడికి వెళ్లాక ఆ ధీమా పోయింది. గాలి ఒక్కటే కాదు, నేల కూడా వేరు. లింక్స్ అంటే సముద్రానికీ పొలాలకీ మధ్య ఉన్న ఇసుక నేల. నీళ్లు నిలవవు, గడ్డి సన్నగా గట్టిగా ఉంటుంది. మనం హైదరాబాద్‌లో, బెంగళూరులో నీళ్లు పెట్టి మెత్తగా ఉంచిన గ్రీన్ల మీద వెడ్జ్‌తో బంతిని పైకి లేపి దించుతాం. అక్కడ అలా దించితే బంతి టెంకాయ చిప్ప మీద పడ్డట్టు ఎగిరి వెనక్కి పోతుంది.

గ్రీన్‌కి 30 గజాల ముందు నుంచే ఏడో ఐరన్‌తో నేల మీద దొర్లించాలి. చాలాసార్లు గ్రీన్ మీద బంతిని నెట్టే పుట్టరే నయం. మీ నాన్నగారి లాంటి వాళ్లకి ఇది వరం. దూరం కొట్టలేకపోయినా బంతి దొర్లుతూ పోతుంది. మా గ్రూపులో మంచి స్కోరు చేసింది 70 దాటిన ఒక పెద్దాయనే.

రెండు హెచ్చరికలు. చాలా లింక్స్‌లో బగ్గీ (కోర్సులో ఎక్కి తిరిగే చిన్న బండి) ఉండదు, ఉన్నా డాక్టర్ లెటర్ అడగొచ్చు. బ్యాగు పెట్టిన ట్రాలీ లాక్కుంటూ నడవాలి. ఇప్పటి నుంచి రోజూ 8 కిలోమీటర్లు నడిపించండి. రెండోది, తూర్పు తీరంలో వేసవిలో హార్ అనే పొగమంచు సముద్రం మీంచి వచ్చేస్తుంది. 50 గజాల అవతల జెండా కనిపించదు. అది వచ్చిన రోజు ఎంత డబ్బు పెట్టి కొన్న టీ టైమైనా ఒకటే.

పడమటి_గాలి

గ్లాస్గోలో చదువుకున్నాను. ఫైఫ్, ఫైఫ్ అంటున్నారు గానీ చరిత్రే కావాలంటే పడమటి తీరంలోని ప్రెస్ట్‌విక్‌కి రండి. గోల్ఫ్‌లో పెద్ద పోటీ అయిన ఓపెన్ ఛాంపియన్‌షిప్ మొదలైందే అక్కడ, 1860లో. ఎనిమిది మంది ఆటగాళ్లు, 12 హోల్స్ కోర్సు మీద ఒకే రోజు మూడు రౌండ్లు. విల్లీ పార్క్ గెలిచారు. గ్లాస్గోలో ట్రైన్ ఎక్కితే స్టేషన్ దిగగానే క్లబ్బు. మొదటి హోల్ పొడుగునా కుడి పక్క రైలు పట్టాలే, మధ్యలో ఒక్క గోడ. మొదటి టీ దగ్గర చేతులు వణకని మనిషిని నేను చూడలేదు.

అయిదో హోల్ పేరు హిమాలయాస్. ముందు పెద్ద ఇసుక దిబ్బ, దాని అవతల గ్రీన్, ఏమీ కనిపించదు. దిబ్బ మీదుగా కొట్టి, ఎక్కి చూసి, అవతల దిగాక వెనకవాళ్ల కోసం గంట కొట్టాలి. ఇప్పుడెవరైనా అలాంటి హోల్ కడితే అన్యాయం అంటారు. మా నాన్న అయితే ఆ గంట కొట్టడానికే మళ్లీ వెళ్దామంటున్నారు.

లీత్_లక్ష్మి

ప్రెస్ట్‌విక్ గొప్పదే, కాదనను. కానీ ఈ ఏడు రోజుల్లో దాన్ని కలపొద్దు. తీరం మార్చిన ప్రతిసారీ ఒక రోజు పోతుంది.

రాజు గారూ, మీ నాన్నగారి సంగతి చదివాను. దానికి వాదన లేదు, ఉండకూడదు కూడా. కానీ ఓల్డ్ కోర్స్‌ని చూడాలంటే ఆడటం ఒక్కటే దారి కాదు. ఆదివారం మామూలుగా అక్కడ ఆట ఉండదు. ఆ రోజు అది ఊరి పార్కు. కుక్కల్ని తిప్పేవాళ్లు, స్ట్రోలర్లలో పిల్లల్ని తెచ్చే అమ్మలు, ఐస్‌క్రీమ్ తింటూ మొదటి ఫెయిర్‌వే మీద నడిచే స్టూడెంట్లు. గేటు లేదు, టికెట్ లేదు. నాకు బ్యాలట్ మూడుసార్లు రాలేదు. మూడోసారి ఆదివారం పొద్దున్నే వెళ్లి పద్దెనిమిదో గ్రీన్ నుంచి వెనక్కి నడిచాను. 17వ హోల్లో రోడ్ బంకర్ అనే ఇసుక గుంత పక్కన కూర్చుంటే దాని గోడ నా భుజం దాకా వచ్చింది. పచ్చగడ్డి దిమ్మల్ని ఇటుకల్లా పేర్చి కట్టిన గోడ. ఇంకా ముందుకి పోతే రెండేసి హోల్స్‌కి ఒకే గ్రీన్, రెండు జెండాలు. అలాంటివి ఏడు ఉన్నాయి. రెండు హోల్స్ నంబర్లు కూడితే ప్రతిసారీ 18 వస్తుంది. ఇవన్నీ ఆడుతూ టెన్షన్‌లో ఎంతమంది చూస్తారు?

ఆ పక్కనే లేడీస్ పుటింగ్ క్లబ్ ఉంది, 1867 నాటిది. దాని గ్రీన్ పేరు కూడా హిమాలయాసే. ఎత్తుపల్లాల మీద పుట్టింగ్ మాత్రమే, కొన్ని పౌండ్లే. నాన్నగారితో ఒక సాయంత్రం అక్కడ గడపండి. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది.

ప్లేనో_రాజు

నడిచి చూడటం, ఆడటం ఒకటి కాదమ్మా. కానీ ఒక విషయంలో మీ పక్షమే. ఆ ‘గ్యారంటీ’ ప్యాకేజీలో చిన్న అక్షరాలు చదవమనండి. మా కజిన్ ఒక ఏజెన్సీకి ముందే డబ్బు కట్టాడు, పేరు అనవసరం. తీరా అక్కడికి వెళ్లాక తెలిసింది, వాళ్లు ఇచ్చింది టీ టైమ్ కాదు, బ్యాలట్‌లో పేరు వేయడం మాత్రమే. అది ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చు. ఓల్డ్ కోర్స్‌ని నడిపే లింక్స్ ట్రస్ట్ అధికారికంగా గుర్తించిన ఆపరేటర్లు కొందరున్నారు. మీ ఏజెన్సీ అందులో ఉందో లేదో చూసుకుని, తేదీ, టైమ్ రాతపూర్వకంగా ఇచ్చాకే కట్టండి.

కింగ్స్‌బార్న్స్ మాత్రం వదలొద్దు. నేను ఆడినవాటిలో ప్రతి హోల్ నుంచీ సముద్రం కనిపించినట్టు అనిపించేది అదే.

పడమటి_గాలి

కింగ్స్‌బార్న్స్ అందం నిజమే. కానీ అది 2000లో తెరిచిన కోర్సు. పొలాన్ని తవ్వి, మట్టి పోసి దిబ్బల్ని తయారుచేశారు. అక్కడ యుద్ధానికి ముందు తొమ్మిది హోల్స్ ఉండేవి, 1939లో మూతపడ్డాయి. యంత్రాలతో చేసిన దిబ్బని లింక్స్ అనొచ్చా? నేననను.

కైలాసగిరి

అనొచ్చనే నా ఉద్దేశం. బంతికి నేల గట్టిగా ఉందా, గాలి ఉందా, దొర్లుతోందా, ఇవే తెలుస్తాయి. ఎవరు తవ్వారో తెలియదు. అయితే 300 పౌండ్లు దాటిన ఫీజు పెట్టి నలుగురూ ఆడాలా అంటే, ఆ డబ్బుతో ఎలీ, క్రెయిల్ రెండూ ఆడి ఇంకా మిగుల్చుకోవచ్చు.

ఎలీ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. మొదటి హోల్ ముందు గుట్ట ఉంటుంది, అవతల ఎవరున్నారో కనిపించదు. అందుకని ఆట మొదలుపెట్టించే స్టార్టర్ గదిలో జలాంతర్గామి పెరిస్కోప్ పెట్టారు. ఎచ్‌ఎంఎస్ ఎక్స్‌కాలిబర్ అనే నావది. స్టార్టర్ నన్ను లోపలికి పిలిచి చూడమన్నారు. కన్ను ఆనించి పిడులు పట్టుకుని తిప్పితే, గుట్ట అవతల ఎర్ర స్వెట్టర్ వేసుకున్న ఆయన బ్యాగు భుజానికి ఎత్తుకుంటూ కనిపించాడు. పిడి ఇనుము చల్లగా, అరిగి నున్నగా ఉంది. అక్కడ పార్ 5 (అయిదు దెబ్బల్లో ముగించాల్సిన పొడుగు హోల్) ఒక్కటీ లేదు, 16 పార్ 4లు, రెండు పార్ 3లు. మీ నాన్నగారికి సరిగ్గా సరిపోతుంది.

లీత్_లక్ష్మి

ఇంకొక విషయం, లిస్ట్‌లో లేకపోయినా ఎవరో ఒకరు మ్యూర్‌ఫీల్డ్ క్లబ్ కోర్సుని చేర్చమంటారు కాబట్టి ముందే చెప్తున్నాను. ఆడవాళ్లని సభ్యులుగా తీసుకోవాలని ఆ క్లబ్ ఓటేసింది 2017లో. అంతకుముందు ఏడాది అదే ఓటు ఓడిపోయింది. 2022లో అక్కడే విమెన్స్ ఓపెన్ జరిగింది, చూడ్డానికి వెళ్లాను, సంతోషించాను. కోర్సు గొప్పదే. అయినా నా డబ్బుతో మాత్రం ఇంకా అక్కడ ఆడలేదు. పక్కనే నార్త్ బెర్విక్ ఉంది, ఎడిన్‌బరో నుంచి ట్రైన్‌లో అరగంట. వచ్చిన రోజు జెట్ లాగ్ తీరడానికి అక్కడ ఆడండి. పదమూడో హోల్లో గ్రీన్‌కి అడ్డంగా పాత రాతిగోడ ఉంటుంది. బంతి గోడకి ఆనుకుని ఆగిపోతే వెనక్కి కొట్టుకోవాల్సిందే. నేను వెనక్కే కొట్టాను. దానికి బాధపడినవాళ్లని ఇంతవరకు చూడలేదు.

గోల్కొండ_గాలి

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. రాజు గారి మాట, లక్ష్మి గారి మాట రెండూ చెప్పాను. కాసేపు ఊరుకుని, ‘ఆ పెరిస్కోప్‌లో నన్ను చూడనిస్తారా?’ అని అడిగారు.

డోర్నోక్, ట్రూన్ తీసేశాం. ప్యాకేజీ వద్దనుకున్నాం. ఇందుకు ఒక ఫ్రెండ్‌కి ఇంకా కోపంగానే ఉంది, అతనూ మరో ఫ్రెండూ కలిసి ఒక రోజు కార్నూస్టీ వెళ్తారు. మొదటి రోజు నార్త్ బెర్విక్, తర్వాత క్రెయిల్ రెండుసార్లు, ఎలీ, న్యూ కోర్స్. బ్యాలట్‌లో నలుగురి పేర్లూ రోజూ వేస్తాం. ఆదివారం సెయింట్ ఆండ్రూస్‌లో ఉండేలా ఇల్లు వెతుకుతున్నాను.

కైలాసగిరి గారూ, నాన్న పొద్దున్నే బూట్లు వేసుకుని గోల్కొండ కోట చుట్టూ నడవడానికి వెళ్లిపోయారు. ట్రాలీ అక్కడ అద్దెకి దొరుకుతుందా, ఇక్కడి నుంచి తెచ్చుకోవాలా?

కైలాసగిరి

దొరుకుతుంది. తెచ్చుకోవద్దు. దాని బదులు రెండు జతల వాన గ్లవ్స్ తెచ్చుకోండి.