పీఎల్‌సీ ప్రాజెక్టు: బాటిల్ ఫిల్లింగ్ లాడర్ ఫైల్ ఎవరి దగ్గరైనా ఉందా? సోమవారం రివ్యూ

చివరి_బెంచీ_ఈఈఈ:
అన్నలూ, సోమవారం రివ్యూ. డెల్టా పీఎల్‌సీ (మిషన్లు నడిపే చిన్న కంప్యూటర్), కన్వేయర్ మోటారు, బాటిల్ సెన్సర్, వాల్వ్, అంతే. రెడీ లాడర్ ఫైల్ (నిచ్చెన మెట్లలా గీసే పీఎల్‌సీ ప్రోగ్రామ్) ఉంటే పెట్టండి ప్లీజ్. ఏఐతో రాయించాను గానీ డెల్టా వాళ్ళ సాఫ్ట్‌వేర్ డబ్ల్యూపీఎల్‌సాఫ్ట్ ఎర్రర్ కొడుతోంది. మా ల్యాబ్‌లో కిట్ ఉంది, బీరువాలో తాళం వేసి ఉంటుంది. ఇంకో డౌటు: ఈ లైన్‌లో ఉద్యోగానికి ఏ కోర్సు మంచిది? అమీర్‌పేట వెళ్ళాలా, విజయవాడలో నేర్పేవాళ్ళున్నారా?

ఆటోనగర్_ప్యానెల్:
వచ్చేసింది సీజన్. మా షాపుకీ వస్తారు నలుగురేసి. "అన్నా, ప్యానెల్ కట్టి, ప్రోగ్రామ్ ఎక్కించి, రిపోర్టు కూడా ఇచ్చెయ్, తలా కొంత వేసుకుని ఇస్తాం" అని బేరం. ఒక బ్యాచ్ ప్యానెల్ ఎత్తుకుని వెళ్తూ వెళ్తూ, "ఈ 24 వోల్టుల సప్లై ఎందుకన్నా, ప్లగ్‌లో 230 వస్తోందిగా" అన్నారు. ఫైనల్ ఇయర్ వాళ్ళు!

కానూరు_కుర్రాడు:
మీరు అమ్ముతున్నారు కాబట్టే వాళ్ళు కొంటున్నారు కదండీ.

ఆటోనగర్_ప్యానెల్:
ప్యానెల్ కట్టడం నా పని. రిపోర్టులు రాయడం నా పని కాదు, రాయను కూడా. తెలుసుకుని మాట్లాడు.

బ్రాడీపేట_అడ్డరోడ్డు:
తమ్ముడూ, ఎర్రర్ ఏంటో పెట్టకుండా ఎర్రర్ అంటే ఎవరికి తెలుస్తుంది? నా అంచనా చెప్తా. ఏఐ నీకు ఎక్స్8 ఇచ్చి ఉంటుంది. డెల్టా డీవీపీ పీఎల్‌సీలో ఎక్స్ అంటే ఇన్‌పుట్, వాటి నంబర్లు ఆక్టల్ లెక్క, అందులో 8, 9 అంకెలుండవు. ఎక్స్7 తరవాత ఎక్స్10 వస్తుంది. ఎక్స్8, ఎక్స్9 అనేవే లేవు.

చివరి_బెంచీ_ఈఈఈ:
అన్నా దండం!! రెండూ ఉన్నాయి. మార్చగానే ఎర్రర్ పోయింది. కానీ ఇప్పుడు వాల్వ్ ఆన్ అవ్వట్లేదు. సిమ్యులేటర్‌లో సెన్సర్ ఆన్ చేసినా వాల్వ్ నడిపే అవుట్‌పుట్ వై1 ఉలకదు పలకదు.

బ్రాడీపేట_అడ్డరోడ్డు:
వై1 కాయిల్, అంటే దాన్ని ఆన్ చేసే గుర్తు, ప్రోగ్రామ్‌లో ఎన్నిచోట్ల ఉంది?

చివరి_బెంచీ_ఈఈఈ:
రెండు. ఆటో మోడ్‌లో ఒకటి, మాన్యువల్‌లో ఒకటి.

బ్రాడీపేట_అడ్డరోడ్డు:
అదీ సంగతి. పీఎల్‌సీ ప్రోగ్రామ్‌ని చదివే స్కాన్ పైనుంచి కిందికి నడుస్తుంది. ఒకే కాయిల్ రెండు రంగ్‌లలో (లాడర్ మెట్లలో) ఉంటే చివరిదాని మాటే చెల్లుతుంది. నీ ఆటో రంగ్ వై1 ఆన్ అంటోంది, కింద మాన్యువల్ రంగ్ వెంటనే ఆఫ్ అంటోంది. ఆటోని ఎం0 అనే లోపలి మెమరీ బిట్‌లోకి, మాన్యువల్‌ని ఎం1లోకి తీసుకో. చివర్లో ఆ రెంటినీ ప్యారలల్‌గా పెట్టి ఒక్క వై1 నడుపు. ఏ ఏఐ రాసినా ఈ డబుల్ కాయిల్ ఉందేమో ముందు వెతుకు.

సీనియర్_ఇన్‌స్ట్రుమెంటేషన్:
ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు. పవర్ ప్లాంట్లు, సిమెంటు, చక్కెర అన్నీ చూసినవాణ్ణి, చెప్తున్నా వినండి. 1968లో జనరల్ మోటార్స్ వాళ్ళు మోడల్ మారినప్పుడల్లా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ప్యానెళ్ళు తిరగ వైరింగ్ చేయలేక వేరే దారి అడిగితే, డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 తయారుచేసింది. లాడర్ పెట్టింది ఎవరి కోసం? రిలే డ్రాయింగ్ చదవగలిగే ఎలక్ట్రీషియన్ కోసం. మీకు ఆ డ్రాయింగే రాదు. మేము లాప్‌టాప్ లేని రోజుల్లో హ్యాండ్‌హెల్డ్ ప్రోగ్రామర్ మీద ఎల్‌డీ ఎక్స్0, ఓఆర్ వై0, ఏఎన్‌ఐ ఎక్స్1, అవుట్ వై0 అని ఒక్కొక్కటీ కొట్టి ప్లాంట్లు నడిపాం. ఎక్స్0 స్టార్ట్, ఎక్స్1 స్టాప్, వై0 మోటారు; ఏఎన్‌ఐ అంటే "ఎక్స్1 ఆఫ్‌లో ఉంటేనే" అని. ఈ నాలుగు లైన్లు వస్తే సగం పీఎల్‌సీ వచ్చినట్టే.

ఆటోనగర్_ప్యానెల్:
సార్, ఒక్క నిమిషం. స్టాప్‌కి ఏఎన్‌ఐ వేశారంటే మీ స్టాప్ బటన్ ఎన్‌ఓ (నొక్కితేనే కలిసే) వైరింగా?

సీనియర్_ఇన్‌స్ట్రుమెంటేషన్:
ఏ పాఠ్యపుస్తకమైనా తెరవండి. స్టాప్‌కి అడ్డగీత ఉన్న కాంటాక్టే ఉంటుంది.

ఆటోనగర్_ప్యానెల్:
పుస్తకం సంగతి వదిలేయండి, ఫీల్డులో చూద్దాం. స్టాప్ బటన్ ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది) తీసుకుంటాం. నొక్కనప్పుడు ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉంటుంది. అందుకని ప్రోగ్రామ్‌లో ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటేనే కలిసే మామూలు ఎన్‌ఓ కాంటాక్ట్ పెడతాం, అంటే ఏఎన్‌డీ. నొక్కినా ఆగుతుంది, వైరు తెగినా ఆగుతుంది. మీ పద్ధతిలో వైరు తెగితే స్టాప్ ఎంత నొక్కినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. చెయ్యి లోపల పెట్టినవాడి గతి ఏంటి?

కానూరు_కుర్రాడు:
మరి నేను ప్రోగ్రామ్‌లో స్టాప్‌కి ఆ అడ్డగీత ఉన్న ఎన్‌సీ కాంటాక్ట్ పెట్టి సిమ్యులేట్ చేశాను, పర్ఫెక్ట్‌గా నడిచింది?

ఆటోనగర్_ప్యానెల్:
నడుస్తుంది బాబూ! సిమ్యులేటర్‌లో నువ్వు ముట్టుకోని ఇన్‌పుట్ సున్నాలో ఉంటుంది. అదే ప్రోగ్రామ్ ఎన్‌సీ బటన్ ఉన్న నిజం ప్యానెల్‌లోకి ఎక్కించు, స్టార్ట్ నొక్కితే మోటారు కదలదు. అప్పుడు "పీఎల్‌సీ పాడైందన్నా" అని నాకే ఫోన్ చేస్తారు. కిట్ మీద గంట కూర్చుంటే తెలిసే విషయం ఇది.

సీనియర్_ఇన్‌స్ట్రుమెంటేషన్:
నాకు ఫెయిల్‌సేఫ్ (వైరు తెగినా మిషన్ ఆగేలా కట్టడం) నేర్పమాకండి. నేను చెప్పింది ప్రాథమిక ఉదాహరణ.

మిర్చియార్డ్_కోల్డ్‌స్టోర్:
ఉదాహరణలే పిల్లలు ఫీల్డుకి మోసుకొస్తున్నారండీ, బాధ అదే. గుంటూరులో మా కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కించే కన్వేయర్ ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. హమాలీలు ఒకటే అరుపులు, బయట లారీలు. చూస్తే స్టాప్ బటన్ కేబుల్ ఎలుక కొరికేసింది! ఎన్‌సీ కాబట్టి ఆగింది. ఓనరు గారు మాత్రం "ఎలుక కొరికితే మిషన్ ఎందుకు ఆగాలయ్యా, ఆగకుండా చెయ్" అని నా మీద పడ్డారు. చేయనన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తాడేపల్లి_వోల్ట్:
హహ్హా, ఓనర్లంతా ఇంతే. ఇంతకీ ఎలుకలకి ఏం వాడుతున్నారు? మా మిల్లులో మందు పెట్టినా తగ్గట్లేదు.

మిర్చియార్డ్_కోల్డ్‌స్టోర్:
బాక్సుల్లోకి కేబుల్ వెళ్ళే చోట సందు లేకుండా గ్లాండ్లు బిగించండి. బయట ఉన్న చోట ఇనుప తొడుగున్న ఆర్మర్డ్ కేబులే వేయండి. మందు వల్ల ఏం కాదు.

కానూరు_కుర్రాడు:
ఎమర్జెన్సీ స్టాప్ కూడా ఇలాగే పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి ఇస్తే సరిపోతుందా?

ఆటోనగర్_ప్యానెల్:
సరిపోదు. అది కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్ సప్లైనే నేరుగా కొయ్యాలి. పీఎల్‌సీకి ఇచ్చేది కబురు మాత్రమే.

సీనియర్_ఇన్‌స్ట్రుమెంటేషన్:
భద్రత పనికోసమే చేసిన సేఫ్టీ పీఎల్‌సీ అనేది ఒకటుందని కూడా చెప్పండి, అంతా తెలిసినవారు కదా.

ఆటోనగర్_ప్యానెల్:
ఈ పిల్లాడి బాటిల్ ఫిల్లింగ్‌కి సేఫ్టీ పీఎల్‌సీ కొనిపించమంటారా? మీ ప్లాంట్లకి ఉంటుంది సార్ ఆ బడ్జెట్.

బ్రాడీపేట_అడ్డరోడ్డు:
ఇద్దరూ కాస్త తగ్గండి. పిల్లాడు అడిగింది వదిలేశాం.

పటమట_పశ్చాత్తాపం:
కోర్సు అడిగాడు కదా, నేను చెప్తా. ఒకచోట, పేరు చెప్పను, "నూరు శాతం ప్లేస్‌మెంట్" అంటే మా నాన్న అప్పు చేసి కట్టారు. పీపీటీలు చూపించారు. ఇరవై మందికి ఒకే కిట్. నా వంతు వచ్చేసరికి బెల్లు. ప్లేస్‌మెంట్ అంటూ చూపించింది ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే ఉద్యోగం. సర్టిఫికెట్ మాత్రం లామినేషన్ చేసి మరీ ఇచ్చారు.

తాడేపల్లి_వోల్ట్:
సర్టిఫికెట్ సంగతేమో గానీ, ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఒకటే. పీఎన్‌పీ సెన్సర్ (సిగ్నల్‌గా ప్లస్ ఇచ్చేది) చేతికిచ్చి పీఎల్‌సీ ఇన్‌పుట్ కార్డుకి కలపమన్నారు. గోధుమ రంగు ప్లస్, నీలం మైనస్, నలుపు సిగ్నల్. కలిపాను, ఉద్యోగం వచ్చింది. పక్కవాడు నలుపుని మైనస్‌కి పెట్టబోయాడు.

కానూరు_కుర్రాడు:
సాఫ్ట్‌వేర్ క్రాక్ లింక్ ఉందా ఎవరి దగ్గరైనా? సీమెన్స్ పీఎల్‌సీల టియా పోర్టల్‌ది.

బ్రాడీపేట_అడ్డరోడ్డు:
అడగమాక. దానికి 21 రోజుల ట్రయల్ ఉంది. కోడెసిస్ అనే పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ ఉచితం, సిమ్యులేషన్ అందులోనే ఉంది. డబ్ల్యూపీఎల్‌సాఫ్ట్ ఎలాగూ ఉచితం. లేనిది సాఫ్ట్‌వేర్ కాదు, రెండు బటన్లు, ఒక రిలే, ఒక సెన్సర్. అవి కొనుక్కో.

మిర్చియార్డ్_కోల్డ్‌స్టోర్:
స్టార్-డెల్టా (పెద్ద మోటారుని మెల్లగా స్టార్ట్ చేసే పద్ధతి) ఒక్కటి చేత్తో వైరింగ్ చేయండర్రా. సిమ్యులేటర్‌లో స్టార్, డెల్టా రెండూ ఒకేసారి ఆన్ అయితే రెండు పచ్చ గీతలు కనిపిస్తాయి, అంతే. ప్యానెల్‌లో అయితే మూడు ఫేజులూ షార్ట్. ప్రోగ్రామ్‌లో ఇంటర్‌లాక్ (ఒకటి ఆన్‌లో ఉంటే రెండోది రాకుండా అడ్డు) పెట్టాంగా అనకండి. కాంటాక్టర్ అతుక్కుపోతే ప్రోగ్రామ్‌కి తెలియదు. కాంటాక్టర్ల ఎన్‌సీ ఆక్సిలరీలు (వాటికుండే చిన్న కాంటాక్టులు) ఒకదానివి ఇంకొకదాని కాయిల్ వైరింగ్‌లో వేయాల్సిందే.

చివరి_బెంచీ_ఈఈఈ:
అన్నలూ, ఫైల్ ఉన్నట్టా లేనట్టా 😅

ఆటోనగర్_ప్యానెల్:
లేదు. సోమవారం లోపు షాపుకి రా, పాత డీవీపీ ఒకటి ఉంది, టేబుల్ మీద పెట్టిస్తా. నువ్వే కొట్టాలి. నేను ముట్టుకోను.

చివరి_బెంచీ_ఈఈఈ:
వస్తానన్నా. మా కిట్‌లో ఎర్ర బటన్ వెనక 11, 12 అని ఉన్నట్టు గుర్తు. అది ఎన్‌సీయేనా?

బ్రాడీపేట_అడ్డరోడ్డు:
అవును. 13, 14 అయితే ఎన్‌ఓ. అయినా మీటర్ కంటిన్యుటీలో పెట్టి చూసుకో, బటన్లు మార్చేసి ఉంటారు.

కానూరు_కుర్రాడు:
ప్యానెల్ అన్నా, నేను కూడా రావచ్చా?

ఆటోనగర్_ప్యానెల్:
పైన నన్ను అన్నమాట వెనక్కి తీసుకుంటే రా. మధ్యాహ్నం రెండు తరవాత.

పటమట_పశ్చాత్తాపం:
ఆ పాత డీవీపీ అమ్ముతారా అన్నా? రేటెంత?