వేసవిలో హస్కీకి ఒళ్ళంతా గొరిగించవచ్చా?

వేసవిగాలి: ఎండలు ముదిరేసరికి మా హస్కీ జాతి కుక్క రొప్పుతూ నీడ వెతుక్కుంటోంది. బొచ్చు పూర్తిగా గొరిగించాలని ఆలోచిస్తున్నాను. అనుభవజ్ఞులు తమ అభిప్రాయం తెలుపగలరు.

ఊదారంగు: దయచేసి గొరిగించకండి. హస్కీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది: పైన ముతక వెంట్రుకలు, వాటి అడుగున దూదిలాంటి మెత్తని లోబొచ్చు. ఎండలు మొదలయ్యే వేళకు ఆ లోబొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. ఊడినదాన్ని దువ్వి తీసివేస్తే గాలి చర్మం దాకా చేరుతుంది, పై వెంట్రుకలేమో ఎండ నేరుగా తగలకుండా అడ్డుపడతాయి. నున్నగా గొరిగితే ఆ అడ్డు పోతుంది. పైగా హస్కీ, సమోయెడ్, చౌచౌ వంటి జాతుల్లో గొరిగినచోట బొచ్చు తిరిగి రావడానికి ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది.

నిక్కచ్చి: కుక్కకు చెమట పట్టేది పాదాల మెత్తలకేననీ, ఒంటి వేడిని ప్రధానంగా రొప్పుతూనే వదులుతుందనీ అందరూ చెబుతారు. అలాంటప్పుడు బొచ్చు ఉంటేనేం, లేకుంటేనేం? మా కుక్కకు ఏటా గొరిగిస్తాను. గచ్చు మీద పొట్ట ఆనించి హాయిగా పడుకుంటుంది.

ఊదారంగు: మీది ఏ జాతి?

నిక్కచ్చి: పూడుల్.

ఊదారంగు: పూడుల్ బొచ్చు ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కత్తిరించక తప్పదు. దాన్ని చూపి హస్కీకి సలహా ఇవ్వడం ఏమి న్యాయమండీ?

నిక్కచ్చి: జాతి పేరు చెప్పి మాట దాటవేయకండి. నేను అడిగింది రొప్పడం గురించి.

పిల్లికూన: ముసలిదై ఒళ్ళు బరువెక్కిన మా పిల్లి వీపు నాక్కోలేకపోవడంతో అక్కడ బొచ్చు అట్టలు కట్టి, అడుగున చర్మం ఎర్రబడింది. పశువైద్యులే దగ్గరుండి గొరిగించారు. కత్తెర మాత్రం పెట్టవద్దన్నారు, అట్టతోపాటు చర్మం కూడా తెగుతుందట. కాబట్టి ఎన్నడూ గొరగరాదని అనలేము.

ఊదారంగు: అట్టలు కట్టినప్పుడు గొరగడం వైద్యం, దానికి నేను అడ్డు చెప్పలేదు. నా బాధ వేరు. మా సమోయెడ్‌ను స్నానానికని ఒకచోట అప్పగిస్తే, మమ్మల్ని మాట మాత్రమైనా అడగకుండా నున్నగా గొరిగి పంపారు. పొట్ట మీద వేడెక్కిన బ్లేడు తగిలిన ఎర్రటి చారలు! వీపు నడుమ బొచ్చు ఇప్పటికీ రాలేదు. ఇదేమిటని అడిగితే "వేసవి కదండీ" అన్నారు.

నిక్కచ్చి: అది మెషీను పట్టినవారి తప్పు గానీ గొరగడంలోని తప్పు కాదు. బ్లేడు వేడెక్కుతుంటే ఆపి చల్లారనివ్వాలి. మీ కోపమంతా తెచ్చి ఇక్కడ కుమ్మరిస్తున్నారు.

ఊదారంగు: కుమ్మరిస్తాను. దువ్వడానికి బద్ధకించేవాళ్ళే ఎండ మీద నెపం పెడతారు.

వేసవిగాలి: ఆ మాట నాకే తగిలింది కనుక సూటిగా చెబుతున్నాను. కుక్క కావాలని పట్టుబట్టినవారు ఇంట్లో నలుగురు, దువ్వేది నేనొక్కదాన్ని. నడుము వంచి గంటసేపు దువ్వాక కూడా సోఫా నిండా బొచ్చే. ఎండ ఒక కారణమైతే ఈ చాకిరీ ఇంకొకటి. బద్ధకమని తేల్చేసే ముందు ఒకసారి మా ఇంటికి వచ్చి చూడండి.

నిక్కచ్చి: చూశారా! మనిషి సుఖం కూడా లెక్కలోకి రావాలి.

ఊదారంగు: రావాలి, కానీ ఆ సుఖమైనా దక్కదు. గొరిగించినా బొచ్చు ఊడడం ఆగదు. పొట్టి ముక్కలై బట్టల్లో గుచ్చుకుని మరీ సతాయిస్తుంది. ఆ నలుగురిలో ఒకరికి బ్రష్ అప్పగించండి.

నిక్కచ్చి: సంసారాలు చక్కదిద్దడం కూడా మొదలుపెట్టారన్నమాట.

పిల్లికూన: వాదన సరే, నీడలో పడుకున్నా రొప్పడం తగ్గకుండా, చొంగ కారుతూ, తూలుతూ ఉంటే మాత్రం అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీళ్ళతో తడిపి, గాలి తగిలేలా చేసి వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి.

వేసవిగాలి: అంత తీవ్రంగా లేదండీ, నీడలో సర్దుకుంటోంది. గొరగకుండా స్నానం చేయించి, ఊడిన లోబొచ్చు మాత్రం తీయమని గ్రూమర్‌ను అడగవచ్చా?

ఊదారంగు: తప్పకుండా అడగవచ్చు. అయితే "గొరగవద్దు" అని కాగితం మీద రాసి ఇవ్వండి.