మురుగు పైపుల మెరుగుదల: అప్పు తెచ్చి ఒకేసారి చేయాలా, చార్జీలతో ఏటా కొంత చేయాలా?

చర్చ ప్రారంభించినవారు

పాత భూగర్భ మురుగు పైపులను బాగుచేయవలసి వచ్చినప్పుడల్లా పురపాలక సంఘాల్లో ఇదే తర్జనభర్జన జరుగుతుంది. అప్పు తెచ్చి పని మొత్తం ఒకేసారి ముగించాలని కొందరు, ఇంటింటికీ వేసే మురుగు చార్జీలోంచి ఏటా కొంత చేసుకుంటూ పోవాలని కొందరు అంటారు. నాది మొదటి పక్షం. పైపు రెండు తరాలు పనిచేస్తుంది కాబట్టి, దాని ఖర్చంతా ఇవాళ ఉన్నవారి నెత్తిన వేయడం న్యాయం కాదు. లండన్‌లో థేమ్స్ నది దుర్గంధం భరించలేక బ్రిటిష్ పార్లమెంటు 1858లో చేసిన చట్టం కూడా ఈ దారే పట్టింది. నగర పనులు చూసే బోర్డును 30 లక్షల పౌండ్లు అప్పు తెచ్చుకోనిచ్చి, 40 ఏళ్ల పాటు ఇళ్ల మీద పన్ను వేసి తీర్చుకొమ్మంది. ఆ బోర్డు ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్ అప్పుడు కట్టించిన ప్రధాన కాలువలు నేటికీ వాడుకలో ఉన్నాయి.

మొదటి సమాధానం

అప్పుతో కట్టగలం గానీ అప్పుతో నడపలేం. అమెరికాలో 1972 నాటి స్వచ్ఛ జల చట్టం కింద శుద్ధి కేంద్రాల నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వం 75 శాతం దాకా భరించింది. నడిపే భారం మాత్రం ఊళ్లదే. 1987లో ఆ గ్రాంట్ల స్థానంలో తిరిగి చెల్లించే రుణ నిధులు తెచ్చే మార్పు చేశారు. బయటి డబ్బు వస్తుందంటే అవసరానికి మించి కట్టాలనిపించడం సహజం. చార్జీ సక్రమంగా వసూలు చేయలేని ఊరు అప్పు జోలికి పోకూడదని నా అభిప్రాయం.

రెండవ సమాధానం

ఇద్దరూ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చెప్పారు గానీ, ఎంత పని అవసరమో ఎవరు కొలిచారన్న ప్రశ్న అంతకంటే ముందుది. చాలా ఏళ్లు మురుగు పైపుల నిర్వహణలో పనిచేసినవాడిని కనుక ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

వాన లేని రోజుల్లో, రాత్రి మూడు గంటల వేళ మ్యాన్‌హోల్ మూత తీయించి పైనుంచి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. (లోపలికి ఎవరినీ దింపకూడదు, అక్కడి వాయువులు చూస్తుండగానే ప్రాణం తీస్తాయి.) ఊరంతా నిద్రపోతున్నప్పుడు పైపు అడుగున సన్నని ధార మాత్రమే ఉండాలి. అలా కాక నీరు నిండుగా, తేటగా, పెద్దగా వాసన లేకుండా పారుతుంటే అది ఇళ్ల మురుగు కాదు, అతుకులు విడిచిన చోట్ల దూరిన భూగర్భ జలం. దాన్ని పంపు చేయడానికీ, శుద్ధి చేయడానికీ ఏడాది పొడవునా ఖర్చు పెడుతూనే ఉంటాం. వానాకాలంలో మిద్దెల మీది వాననీటి గొట్టాలను మురుగు పైపుకే కలిపిన ఇళ్ల నీరు కూడా తోడై మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. అప్పుడు అందరూ పైపు చాలడం లేదు, పెద్దది వేయాలంటారు.

పెద్దది వేస్తే నష్టమేమిటని అడగవచ్చు. మురుగు రోజుకొక్కసారైనా సెకనుకు దాదాపు 0.6 మీటర్ల వేగంతో పారితేనే పైపు తనను తాను శుభ్రం చేసుకుంటుంది. పైపు వాలు అంతే ఉంచి, పారే నీటికి మించిన వెడల్పు పైపు వేస్తే వేగం తగ్గి పూడిక పేరుకుంటుంది. ఆ పూడికలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైపు లోపలి పైభాగపు తడిలో సూక్ష్మజీవుల వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి కాంక్రీటును తినేస్తుంది. అలాంటి పైపు పైభాగాన్ని కడ్డీతో తాకితే తడిసిన సున్నంలా ముద్దలుగా రాలడం నేను చూశాను. ఆ పైపు మీద అప్పు మాత్రం ఇంకా తీరనే లేదు.

అందువల్ల కొలతలు, కెమెరా పరిశీలన, పూడికతీత, అతుకుల మరమ్మతు ఏటా వచ్చే చార్జీతోనే జరగాలి. తవ్వకుండా లోపల రెసిన్ పొర వేసి నిలబెట్టగల పైపులను అలాగే నిలబెట్టాలి. వీటన్నిటి తరువాత కూడా చాలదని లెక్కల్లో తేలిన ప్రధాన పైపులకూ పంపింగ్ స్టేషన్లకూ అప్పు తేవచ్చు. అక్కడ మాత్రం తరాల న్యాయం గురించిన మీ వాదనను నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

చర్చ ప్రారంభించినవారు

కొలతలు తీయాలన్నది ఒప్పుకుంటున్నాను. కానీ ఒక వానాకాలమైనా గడవనిదే అవి పూర్తికావు. ఈలోగా పల్లపు వీధిలో స్నానాల గదుల్లోకి మురుగు ఎగదన్నుతుంటే ఆ ఇళ్లవారికి ఏమని చెప్పాలి?

రెండవ సమాధానం రాసినవారు

వారిని ఆగమనే హక్కు మనకు లేదు. ఆ వీధి దిగువన పూడిక తీసి, ఇళ్ల కలుపు పైపులకు మురుగు వెనక్కు రాకుండా అడ్డే కవాటాలు వెంటనే పెట్టించాలి. దానికి అప్పు అక్కర్లేదు. నాకు పట్టుదల ఉన్నది మరొక చోట. మురుగు చార్జీ సొమ్ము పురపాలక సంఘం సాధారణ ఖాతాలో కలిస్తే మొదట కోత పడేది పూడికతీతకే, ఎందుకంటే భూమి కింద జరగని పని ఎవరికీ కనబడదు. అందుకే అప్పు పత్రం మీద సంతకం పెట్టకముందే ఆ సొమ్ముకు వేరే ఖాతా తెరవాలి. దాని జమాఖర్చులు ఏటా వార్డుల వారీగా ప్రకటించాలి.